బడిపిల్లలు పట్టేసిన రహస్యం

1957లో స్పుత్నిక్ ఎగిరాక దాని బీప్ బీప్ వినడం చాలా దేశాల్లో రేడియో పిచ్చివాళ్ళకి సరదా అయిపోయింది. ఇంగ్లండులోని కెట్టరింగ్ గ్రామర్ స్కూల్లో మాత్రం ఆ సరదా ఏకంగా పాఠమే అయింది.

1960లో అక్కడి కెమిస్ట్రీ మాస్టారు డెరెక్ స్లేటర్ తన రేడియోలో స్పుత్నిక్ 4 సంకేతాలు పట్టారు. ఫిజిక్స్ మాస్టారు జెఫ్రీ పెర్రీ వాటితో పిల్లలకి డాప్లర్ ఎఫెక్ట్ చెప్పడం మొదలెట్టారు. రైలు మనల్ని దాటగానే కూత స్థాయి పడిపోతుంది చూడండి, అదే సూత్రం. సంకేతం వినడం, టైము రాసుకోవడం, కక్ష్య లెక్కకట్టడం... ఇంతే పని.

1966 మార్చి 17న కాస్మోస్ 112 ఎగిరింది. దాని కక్ష్య భూమధ్యరేఖకి 72 డిగ్రీలు వాలి ఉంది. బైకనూర్ నుంచి మామూలుగా వెళ్ళేవి 65 దాటవు. మరి ఇదెక్కణ్ణించి వచ్చినట్టు? ఆ ఏడాది వచ్చిన ఇలాంటి మరికొన్నిటి దారులు కూడా, భూమి తిరిగిన మేరకు సవరించి వెనక్కి గీశారు. గీతలు ఉత్తర రష్యాలోని ప్లెసెట్స్క్ దగ్గర కలిశాయి!

అమెరికా గూఢచారులకి ఆ సంగతి అప్పటికే తెలుసు, బయటపెట్టలేదు. సోవియట్ ప్రభుత్వం 1983 దాకా ఒప్పుకోలేదు. ఇద్దరూ దాచిన ముక్కని మామూలు జనానికి చెప్పింది ఒక బడి.

ఊరి పేరు మ్యాపులోంచి చెరిపెయ్యొచ్చు. కానీ అక్కణ్ణించి లేచింది గంటన్నరకోసారి భూమిని చుట్టి, అందరి నెత్తిమీంచీ పోవాల్సిందే కదా. ఓపిగ్గా వినేవాడుంటే చాలు.