ఉద్గారం: త్రేన్పు నుంచి పద్దు దాకా

సంస్కృతంలో ఉద్గారమంటే త్రేన్పు. ‘ఉత్’ అంటే పైకి, ‘గౄ’ అంటే మింగడం. మింగింది పైకి రావడమన్నమాట. ఆయుర్వేదంలో నేటికీ అదే అర్థం. వాతావరణ మార్పు వార్తలతో ఈ మాట గాలిలోకి వదిలే వాయువులకు పేరై, పొగగొట్టం ఎక్కి, కంపెనీల లెక్కల్లో పద్దుగా దిగింది.

మరి ఎవరి ఉద్గారాన్ని ఎవరి ఖాతాలో రాయాలి? 2001లో వచ్చిన గ్రీన్‌హౌస్ వాయువుల లెక్కింపు ప్రమాణం ‘జీహెచ్‌జీ ప్రోటోకాల్’ ఉద్గారాలను మూడు ‘స్కోప్’లుగా విడగొట్టింది. గుంటూరు మిర్చిని కారం పట్టే కంపెనీనే తీసుకోండి. సొంత బాయిలర్ పొగ స్కోప్-1. మర ఆడించేందుకు కొన్న కరెంటు తయారీలో వెలువడేది స్కోప్-2. మిర్చి యార్డు నుంచి టిక్కీలు (బస్తాలు) మోసిన బయటి లారీ పొగ, రైతు వేసిన యూరియా నుంచి నేలలో పుట్టే నైట్రస్ ఆక్సైడ్ స్కోప్-3. ప్రకాశం జిల్లా పత్తి కొనే స్పిన్నింగ్ మిల్లుకూ ఇదే వరస.

స్కోప్-3కి విడిగా ప్రమాణం 2011లో గానీ రాలేదు. మన దేశంలో 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు సుస్థిరత నివేదిక ఇవ్వాలని స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ ఆదేశించింది. అందులో మొదటి రెండు స్కోప్‌లు తప్పనిసరి, మూడోది ఐచ్ఛికం. ఇలా పంట కొనే కంపెనీల లెక్కలో రైతు చేలో పుట్టే ఉద్గారమంతా ఆ ఐచ్ఛికపు గడిలోనే ఉంది.