జవాబు సరిగానే వచ్చింది, తప్పు లెక్కలో ఉంది

నడుస్తున్న కరెంటు గ్రిడ్ మీద ప్రయోగాలు చేయడం కుదరదు. ఒక పెద్ద లైను తెగితే మిగతా లైన్ల మీద ఎంత భారం పడుతుంది, ఒక జనరేటర్ ఆగిపోతే ఏ ఊళ్ళో వోల్టేజి ఎంత దిగుతుంది అన్నది ముందే లెక్క కట్టి చూసుకోవాలి. ఆ లెక్క పేరు లోడ్ ఫ్లో. మన కాలేజీల్లో ఈఈఈ చదివినవాళ్ళకు ఇది బాగా తెలుసు. మూడు బస్‌ల చిన్న వ్యవస్థకే పేజీలు నిండిపోతాయి. సబ్‌స్టేషన్లో లైన్లన్నీ వచ్చి కలిసే చోటును బస్ అంటారు. నిజమైన గ్రిడ్‌లో అవి వేలల్లో ఉంటాయి. కాబట్టి లెక్క ప్రోగ్రామే చేయాలి. మరి ఆ ప్రోగ్రాములోనే తప్పుంటే?

ఈ ప్రశ్నకు జవాబు తయారవడానికి చాలా ఏళ్ళు పట్టింది. ముందు ఆ ప్రోగ్రాము ఎలా పుట్టిందో చూద్దాం. 1929లో అమెరికాలో ఎంఐటీ, జనరల్ ఎలక్ట్రిక్ కలిసి నెట్‌వర్క్ అనలైజర్ అనే యంత్రాన్ని కట్టాయి. గ్రిడ్‌కు చిన్న నమూనాను తీగలతో, కాయిళ్ళతో అమర్చి, మీటర్లు పెట్టి కొలిచేవారు. 1956లో వార్డ్, హేల్ అనే ఇంజనీర్లు ఆ పనిని డిజిటల్ కంప్యూటర్‌తో చేసే పద్ధతి ప్రచురించారు. 1967లో బోనవిల్ పవర్ అడ్మినిస్ట్రేషన్‌కు చెందిన విలియం టిన్నీ, క్లిఫర్డ్ హార్ట్ న్యూటన్ పద్ధతిని పెద్ద గ్రిడ్లకు పనికొచ్చేలా మలిచారు. నేటికీ లోడ్ ఫ్లో ప్రోగ్రాముల్లో ఎక్కువ వాటికి అదే ఆధారం.

ఇక్కడ కాస్త ఆగాలి, కథలోని మెలిక అంతా ఇక్కడే ఉంది. న్యూటన్ పద్ధతిలో ముందు ఒక ఊహతో మొదలుపెడతాం. ఆ ఊహ ప్రకారం ప్రతి బస్ దగ్గరా వచ్చే పవర్‌కూ పోయే పవర్‌కూ ఎంత తేడా ఉందో చూస్తాం. ఆ తేడా తగ్గాలంటే వోల్టేజిని ఎటు, ఎంత జరపాలో జాకోబియన్ అనే మాత్రిక చెబుతుంది. తేడా దాదాపు సున్నా అయ్యేదాకా ఇదే పని మళ్ళీ మళ్ళీ చేస్తాం. అంటే జవాబు సరైనదా కాదా అని తేల్చేది తేడా. జాకోబియన్ దారి మాత్రమే చెబుతుంది. ఊరి పొలిమేర రాయి సరైన చోట ఉంటే, దారి చెప్పినవాడు కొంచెం తప్పు చెప్పినా చుట్టు తిరిగైనా ఊరు చేరతాం.

1974లో బ్రయన్ స్టాట్, ఓంగున్ ఆల్సాచ్ ఈ గుణాన్నే ఆసరాగా తీసుకుని గొప్ప పద్ధతి కనిపెట్టారు. ప్రతి అడుగులోనూ జాకోబియన్‌ను కొత్తగా లెక్కించకుండా, సుమారుగా ఉండే స్థిరమైన మాత్రికలను ఒక్కసారి తయారుచేసి పెట్టుకున్నారు. అడుగులు కొన్ని పెరిగినా ఒక్కో అడుగు ఖర్చు బాగా తగ్గింది. తేడాను మాత్రం కచ్చితంగానే లెక్కించారు కనుక జవాబులో ఏ లోపమూ లేదు. ఫాస్ట్ డీకపుల్డ్ లోడ్ ఫ్లో అని పాఠ్యపుస్తకాల్లో చదివేది దీన్నే.

తెలిసి చేసిన ఆ సర్దుబాటు తెలియకుండా జరిగితే అది బగ్. జాకోబియన్ రాసేటప్పుడు ఎవరో ఒక చోట ప్లస్‌కు బదులు మైనస్ రాశారనుకుందాం. చిన్న కేసుల్లో ప్రోగ్రాము రెండు అడుగులు ఎక్కువ వేసి సరైన జవాబే ఇవ్వవచ్చు. జవాబును సరిపోల్చి చూసినవాళ్ళకు లోపం కనబడదు. ఎప్పుడో ఒకరోజు గ్రిడ్ మీద భారం బాగా పెరిగినప్పుడు లెక్క కన్వర్జ్ కాదు, అంటే ఎన్ని అడుగులు వేసినా తేడా సున్నా దగ్గరికి రాదు. అసలు ఆ లెక్క కావలసిందే అలాంటి రోజున. నా దృష్టిలో ఈ రంగంలో అన్నిటికంటే ప్రమాదకరమైన తప్పు ఇదే. దీన్ని పట్టుకోవాలంటే జవాబు ఒక్కటి చూస్తే చాలదు, కోడ్ కూడా కళ్ళముందుండాలి.

ఆ కోడ్ అందరికీ అందడం 1997లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. రాబర్ట్ థామస్ నేతృత్వంలో అక్కడ పవర్‌వెబ్ అనే ప్రాజెక్టు నడుస్తుండేది. విద్యుత్ మార్కెట్లో వేలంపాటలు ఎలా జరిగితే మంచిదో ప్రయోగాలతో తెలుసుకోవడం దాని పని. ఆ ప్రయోగాలకు లోడ్ ఫ్లో లెక్కలు కావలసి వచ్చి రే జిమ్మర్‌మన్, కార్లోస్ మురియో-సాంచెజ్, డెచియాంగ్ గాన్ మ్యాట్‌ల్యాబ్ అనే ప్రోగ్రామింగ్ భాషలో సులువుగా చదవగలిగే కోడ్ రాశారు. దాన్ని మ్యాట్‌పవర్ అన్న పేరుతో బయటివాళ్ళకూ ఇచ్చారు. 2011లో 4.0 వెర్షన్‌తో అది జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కిందికి, 2015లో 5.1తో బీఎస్‌డీ అనే మరో ఓపెన్ సోర్స్ లైసెన్సు కిందికి వచ్చింది.

ఇవ్వగానే వాడినవాళ్ళ దగ్గర్నుంచి తప్పుల సమాచారం రావడం మొదలైంది. మ్యాట్‌పవర్ మార్పుల చిట్టా చదువుతుంటే నాకు ఎంతో ముచ్చటేస్తుంది. ఏ ఫైల్లో ఏ తప్పు దొరికింది, దాన్ని ఎలా దిద్దారు, ఎవరు చెప్పారు అన్న వివరాలు, కృతజ్ఞతలు అందులో ఉంటాయి. సాధారణంగా ఇలాంటి ప్రోగ్రాముల్లో తప్పులు పెద్ద సూత్రాల్లో కంటే అంచుల్లో దాక్కుంటాయి. బస్‌ల నంబర్లు వరసగా లేకపోవడం, ఆపేసిన జనరేటర్‌ను కూడా లెక్కలోకి తీసుకోవడం, లైన్లు తెగి గ్రిడ్‌లో ఒక ముక్క విడిపోవడం లాంటి చోట్లన్న మాట. వోల్టేజి కోణాలు డేటాలో డిగ్రీల్లో ఉంటాయి, లెక్క రేడియన్లలో జరుగుతుంది. ఆ మార్పిడి ఒక్కచోట మరిచినా చాలు.

దిద్దిన తప్పు మళ్ళీ రాకుండా పరీక్షలు పెట్టారు. ఒక్క కమాండ్‌తో వేల పరీక్షలు నడుస్తాయి. వాటిలో నాకు బాగా నచ్చినవి జాకోబియన్, హెసియన్ (రెండో డెరివేటివ్‌ల మాత్రిక) పరీక్షలు. సూత్రం రాసి లెక్కించిన డెరివేటివ్‌ను, వోల్టేజిని రవ్వంత కదిపి అంకెల్లో కొలిచిన మార్పుతో పోలుస్తాయి. జవాబుతో పాటు దారిని కూడా తనిఖీ చేసే పరీక్షలివి. ప్లస్‌కు బదులు మైనస్ పడితే అక్కడే దొరికిపోతుంది.

సబ్‌స్టేషన్ నుంచి ఊళ్ళకు కరెంటు తెచ్చే ఫీడర్ల స్థాయిలో అవసరం వేరు. అక్కడ మూడు ఫేజుల మీదా భారం సమానంగా ఉండదు. రోజర్ డుగన్, టామ్ మెక్‌డెర్మట్ 1997లో మొదలుపెట్టిన ప్రోగ్రామును 2008లో ఈపీఆర్‌ఐ అనే విద్యుత్ పరిశోధన సంస్థ ఓపెన్‌డీఎస్‌ఎస్‌గా బయటపెట్టింది. పసిఫిక్ నార్త్‌వెస్ట్ నేషనల్ ల్యాబొరేటరీ తయారుచేసిన గ్రిడ్‌ల్యాబ్-డీలో సరైన జవాబు రావాలనే పరీక్షలతో పాటు, చెడ్డ డేటా ఇస్తే ప్రోగ్రాము ఒప్పుకోకుండా ఆగిపోవాలని చూసే పరీక్షలూ ఉన్నాయి.

మ్యాట్‌పవర్ కోడ్‌ను పైథాన్‌లోకి తెచ్చి పైపవర్ చేశారు. మ్యాట్‌ల్యాబ్ ఒకటి నుంచి లెక్కపెడుతుంది, పైథాన్ సున్నా నుంచి. కాబట్టి ప్రతి వరస నంబరూ ఒక అనుమానమే. పైపవర్ ఆధారంగా జర్మనీలోని కాసెల్ విశ్వవిద్యాలయం, ఫ్రాన్‌హోఫర్ సంస్థ పండాపవర్ తయారుచేసి, దాని ఫలితాలను వాణిజ్య ప్రోగ్రాముల ఫలితాలతో పోల్చి సరిచూశాయి. ఇలా పోల్చినప్పుడు తేడా వస్తే ప్రతిసారీ అది బగ్ కానక్కరలేదు. ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ ఏ వైపు ఉన్నట్టు లెక్క, ఫేజ్ కోణం గుర్తు ఏ దిశలో అన్నవి ఒక్కో ప్రోగ్రాములో ఒక్కోలా ఉండొచ్చు. సగం శ్రమ ఈ ఆచారాలను విడదీసుకోవడానికే పోతుంది.

అన్నిటికంటే చిక్కు, లెక్క కన్వర్జ్ కాకపోవడం. కోడ్‌లో తప్పుండవచ్చు, డేటాలో తప్పుండవచ్చు. లేదా ఆ గ్రిడ్ అంత భారం మోయలేదని ప్రోగ్రాము నిజమే చెబుతుండవచ్చు. వీటిలో ఏదన్నది తేల్చాలంటే ఆ కేసు, అంటే ఆ గ్రిడ్ డేటా, కావాలి. కానీ గ్రిడ్ డేటాను రక్షణ కారణాల వల్ల విద్యుత్ సంస్థలు సాధారణంగా బయటికి ఇవ్వవు. అందుకే చాలాకాలం 1960ల మొదట్లోని అమెరికన్ ఎలక్ట్రిక్ పవర్ నెట్‌వర్క్ నుంచి తీసిన 14, 30, 57, 118 బస్‌ల కేసులతోనే అందరూ నెట్టుకొచ్చారు. 118 బస్‌ల దగ్గర ఎదురుకాని తప్పు పదివేల బస్‌ల దగ్గర ఎదురవుతుంది. తర్వాత పోలండ్ గ్రిడ్ కేసులు, ఫ్రాన్స్ గ్రిడ్‌ను నడిపే ఆర్‌టీఈ సంస్థ కేసులు మ్యాట్‌పవర్‌లో చేరాయి. టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో టామ్ ఓవర్‌బై, ఆడమ్ బర్చ్‌ఫీల్డ్ బృందం నిజమైన గ్రిడ్‌ల లక్షణాలు ఉన్న కల్పిత గ్రిడ్లు తయారుచేసింది. టెక్సస్ నేల మీద 2,000 బస్‌లది ఒకటి, తూర్పు అమెరికా అంతా పరుచుకునే 70,000 బస్‌లది మరొకటి. ఏ విద్యుత్ సంస్థ రహస్యమూ బయటపడకుండా, తన దగ్గర లెక్క ఆగిపోయిన ఇంజనీరు వాటిలో ఒకదాన్ని కాస్త మార్చి అదే తప్పును మళ్ళీ రప్పించి ఆ చిన్న ఫైలును పంపగలడు. దాన్ని ఏ దేశంలో ఉన్నవాళ్ళయినా తమ కంప్యూటర్లో నడిపి చూడవచ్చు.