పీహెచ్‌డీలో చేరాక ఏం చేయాలి? ఫెలోషిప్, గడువు, సెలవులపై కుటుంబాలు తెలుసుకోవాల్సినవి

ఇంట్లో మొదటిసారి ఒకరికి పీహెచ్‌డీ సీటు వస్తే అందరికీ సంతోషమే. ఆ వెంటనే అమ్మీ, అబ్బాల మనసులో ప్రశ్నలు మొదలవుతాయి. ఇంకా ఎన్నేళ్లు చదువు? ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? అమ్మాయి అయితే పెళ్లి తర్వాత చదువు సంగతేంటి? వీటికి యూజీసీ నిబంధనల్లోనే చాలావరకు జవాబులున్నాయి.

మౌలానా ఆజాద్ ఫెలోషిప్ ఇక లేదు

మైనారిటీ పరిశోధకుల కోసం 2009లో మొదలైన మౌలానా ఆజాద్ నేషనల్ ఫెలోషిప్‌ను 2022-23 నుంచి ఆపేస్తున్నట్టు కేంద్రం 2022 డిసెంబరులో పార్లమెంటులో చెప్పింది. ఇతర ఫెలోషిప్‌లు మైనారిటీలకూ వర్తిస్తున్నాయన్నది ప్రభుత్వం చూపిన కారణం. కాబట్టి కొత్తగా చేరేవారికి జేఆర్‌ఎఫ్ ఇప్పుడు మరింత ముఖ్యం.

జేఆర్‌ఎఫ్ లెక్క

నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, పనితీరు పరిశీలించాక మిగతా మూడేళ్లు రూ.42,000 ఇస్తారు. 2023 జనవరి నుంచి ఈ రేట్లు అమల్లోకి వచ్చాయి. ఐదేళ్లకు కలిపితే రూ.24 లక్షలు. ఇంటి అద్దె భత్యం వేరు.

జేఆర్‌ఎఫ్‌కు వయసు 30 ఏళ్లు దాటకూడదు. మహిళలకు, ఓబీసీ నాన్ క్రీమీలేయర్‌కు ఐదేళ్ల సడలింపు ఉంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. రాష్ట్రంలో బీసీ-ఇ సర్టిఫికేట్ ఉన్నంత మాత్రాన కేంద్రంలో ఓబీసీ కింద చెల్లదు. తమ వర్గం పేరు కేంద్ర జాబితాలో ఉందో లేదో దరఖాస్తుకు ముందే చూసుకోవాలి.

జేఆర్‌ఎఫ్ రాకపోతే దారి పూర్తిగా మూసుకుపోయినట్టు కాదు. సెంట్రల్ యూనివర్సిటీల్లో నాన్-నెట్ ఫెలోషిప్ కింద నెలకు రూ.8,000 ఇస్తారు. హైదరాబాద్‌లో మనూ, హెచ్‌సీయూ, ఇఫ్లూ సెంట్రల్ యూనివర్సిటీలే. కామర్స్, సోషల్ సైన్సెస్ వారు ఐసీఎస్‌ఎస్‌ఆర్ డాక్టోరల్ ఫెలోషిప్‌కూ ప్రయత్నించవచ్చు.

గడువు ఎంత?

2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు పొడిగించుకోవచ్చు. కానీ జేఆర్‌ఎఫ్ డబ్బు ఐదేళ్లకే ఆగిపోతుంది. ఆరో ఏడాది ఖర్చుకు ముందునుంచే కొంత దాచుకోవడం మంచిది.

పెళ్లయితే చదువు ఆపక్కర్లేదు

మహిళా పరిశోధకులకు పై గడువు మీద ఇంకో రెండేళ్లు అదనంగా ఇస్తారు. ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల వరకు తీసుకోవచ్చు. పెళ్లయి వేరే ఊరు వెళ్లాల్సి వస్తే, అప్పటిదాకా చేసిన పరిశోధన సమాచారాన్ని అక్కడి యూనివర్సిటీకి మార్చుకునే వీలుంది. అయితే అది మొదటి సంస్థకు ఇతరులు నిధులిచ్చిన ప్రాజెక్టులో భాగం కాకూడదు. సంబంధం మాట్లాడేటప్పుడే రెండు కుటుంబాలూ ఈ విషయం తెలుసుకుంటే, సగంలో ఉన్న థీసిస్‌ను వదులుకోవాల్సిన అవసరం రాదు.

గైడ్ ఒక్కరే దిక్కు కాదు

ప్రతి పరిశోధకుడికి రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ఉంటుంది. ప్రతి సెమిస్టర్ దాని ముందు హాజరై పని ఎంతవరకు వచ్చిందో చెప్పాలి. ఇబ్బంది ఏదైనా ఉంటే అక్కడ చెప్పుకోవచ్చు. వారానికి 4 నుంచి 6 గంటల వరకు క్లాసులు, ట్యుటోరియళ్ల వంటి పని అప్పగించవచ్చు. దాన్ని భారంగా చూడకుండా, అప్పగించినట్టు కాగితం తీసి పెట్టుకుంటే రేపు ఇంటర్వ్యూలో అనుభవంగా చూపుకోవచ్చు.

థీసిస్ ఇవ్వడానికి జర్నల్‌లో వ్యాసం తప్పనిసరి అన్న షరతును 2022 నిబంధనలు తీసేశాయి. అయినా ఉద్యోగానికి ప్రచురణలు పనికొస్తాయి. డబ్బులిస్తే వారంలో వేస్తామనే పత్రికలకు మాత్రం దూరంగా ఉండాలి. యూజీసీ-కేర్ జాబితాను 2025లో ఎత్తేశారు కాబట్టి, మంచి జర్నల్ ఏదో గైడ్‌ను, లైబ్రేరియన్‌ను అడిగి తేల్చుకోవాలి. పాత థీసిస్‌లు శోధ్‌గంగలో ఉచితంగా చదవవచ్చు.

ఉద్యోగం

2023 జూలై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు నెట్ లేదా సెట్ కనీస అర్హత. పీహెచ్‌డీ చేస్తూనే ఆ పరీక్ష పాసైతే మంచిది. టీజీ సెట్‌ను ఉస్మానియా, ఏపీ సెట్‌ను ఆంధ్రా యూనివర్సిటీ నిర్వహిస్తాయి.

చేరిన మొదటి నెలలోనే ఒక కాగితం మీద మూడు తేదీలు రాసి ఇంట్లో పెట్టుకోవాలి: ఫెలోషిప్ ముగిసే రోజు, పీహెచ్‌డీ గడువు, వయసు పరిమితి దాటే రోజు. ఆ తర్వాత "ఇంకా ఎన్నేళ్లు?" అని ఎవరడిగినా జవాబు సిద్ధంగా ఉంటుంది.