నేలపట్టు: గూడబాతులు విదేశీ అతిథులు కావు.. ఇక్కడ పుట్టిన పక్షులే! గూళ్లకు ఊళ్లే కాపలా

నెల్లూరు నుంచి చెన్నై హైవే మీద వెళ్తే వెంకటాచలం, గూడూరు, నాయుడుపేట దాటాక దొరవారిసత్రం వస్తుంది. ఆ మండలంలోనిదే నేలపట్టు. చెరువు నీళ్లలో నిలబడిన కడప చెట్లు.. వాటి కొమ్మల నిండా గూళ్లు! గూడబాతులు, అంటే పెలికాన్లు, గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచుకునే చోటు ఇది. 1976లో దీన్ని పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 459 హెక్టార్లు. 2022లో కొత్త జిల్లాలు వచ్చాక ఇది తిరుపతి జిల్లాలోకి వెళ్లింది.

సైబీరియా నుంచి వస్తాయా?

చాలామంది అలాగే అనుకుంటారు. కానీ ఈ గూడబాతులు దక్షిణాసియా పక్షులు. పుట్టేది, పెరిగేది ఇక్కడే. వానలు పడి చెరువు నిండగానే, పురుటికి పుట్టింటికి వచ్చినట్టు వచ్చేస్తాయి. ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు కూడా మనవే. అందుకే ఇక్కడ గూడు పోతే, వాటికి వెనక్కి వెళ్లడానికి వేరే దేశం లేదు.

చెరువు నిండితేనే గూడు

ఈ ప్రాంతానికి ఈశాన్య రుతుపవనాల వానలే ఆధారం. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడే వానలకు చెరువు నిండుతుంది. చెట్టు కింద నీళ్లుంటే నక్కలు, కుక్కలు, మనుషులు గూళ్ల దాకా రాలేరు. గూడబాతు గుడ్లను నెల రోజులు పొదుగుతుంది. ఆ తర్వాత పిల్లలు గూడు వదలడానికి మూడు నుంచి ఐదు నెలలు పడుతుంది. అంటే అన్ని నెలలూ చెరువులో నీళ్లుండాలి. వాన తగ్గినా, నీళ్లు ముందే అయిపోయినా పిల్లలకే ముప్పు.

మరి మేత ఎక్కడ? ఎక్కువగా పులికాట్ సరస్సులో, చుట్టుపక్కల చెరువుల్లో. పెద్ద పక్షులు అక్కడ చేపలు పట్టుకొచ్చి ఇక్కడ పిల్లలకు పెడతాయి.

ఊరికేంటి లాభం?

పక్షుల రెట్ట చెరువు నీళ్లలో కలుస్తుంది. ఆ నీళ్లు పొలానికి పారిస్తే ఎరువు వేసినట్టే. రైతు పక్షిని తరమకపోవడానికి ఇదో పెద్ద కారణం. పక్షులు వస్తే ఊరికి మంచిదనే నమ్మకం కూడా ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నుంచే ఉంది. గూళ్లు చెడగొట్టడం, గుడ్లు తీయడం నేరమే. కానీ ప్రతి చెట్టు దగ్గరా గార్డును పెట్టలేరు కదా! రోజూ కాపలా కాసేది ఊరివాళ్లే.

మిగతా చోట్ల?

గుంటూరు నగరానికి దగ్గర్లోని ఉప్పలపాడులో ఊరి చెరువే పక్షులకు ఇల్లు. చెట్లు చాలక ఇనుప స్టాండ్లు కూడా పెట్టారు. శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర తేలినీలాపురంలో పక్షులు ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు కడతాయి. అక్కడ 2021 చివర్లో, 2022 మొదట్లో గూడబాతులు వరుసగా చనిపోయాయి. తిన్న చేపల ద్వారా చేరిన పరాన్నజీవి పురుగులే కారణమని తేల్చారు. ఊరు చెట్టును కాపాడగలదు. కానీ పక్షి మేతకు వెళ్లే చెరువు ఇంకెక్కడో ఉంటుంది. అది కూడా బాగుంటేనే పిల్లలు బతుకుతాయి.

చూడ్డానికి వెళ్తున్నారా?

అక్టోబర్ నుంచి మార్చి దాకా మంచి సమయం. వీడియో కోసం గూళ్ల దగ్గరికి వెళ్లొద్దు, డ్రోన్ ఎగరేయొద్దు. హారన్లు, టపాసులు అస్సలు వద్దు. పెద్ద పక్షి బెదిరి లేస్తే గుడ్లు, పిల్లలు ఎండకు, కాకులకు దొరికిపోతాయి. బైనాక్యులర్‌తో దూరం నుంచే చూడండి. తెచ్చిన ప్లాస్టిక్‌ను వెంట తీసుకెళ్లండి.

మీ ఊళ్లో చెరువు గట్టు మీద పాత చెట్టు ఉందా? కొట్టేసే ముందు ఒక్కసారి పైకి చూడండి.. గూడు ఉంటే, పిల్లలు ఎగిరిపోయే దాకా గొడ్డలి పక్కన పెట్టండి.