రొయ్యల సాగులో మేలు చేసే సూక్ష్మజీవులు

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల మెట్ట రైతులకు కంది విత్తనానికి రైజోబియం పట్టించి విత్తే పద్ధతి సుపరిచితమే. అదే ప్రకాశం సీమకు తూర్పున కొత్తపట్నం, సింగరాయకొండ తీరంలో రొయ్యల రైతులు చెరువు నీటిలో, మేతలో ప్రోబయోటిక్స్ వాడుతున్నారు. నేలలోనైనా, నీటిలోనైనా సూత్రం ఒక్కటే. మేలు చేసే సూక్ష్మజీవికి చోటు కల్పిస్తే హాని చేసే దానికి చోటు తగ్గుతుంది.

ఆవశ్యకత

1994-95లో తెల్లమచ్చల వ్యాధి వల్ల కోస్తా ఆంధ్రలో టైగర్ రొయ్యల రైతులు తీవ్రంగా నష్టపోయారు. 2009లో వెన్నామీ సాగుకు అనుమతి లభించిన తరువాత ఉత్పత్తి పెరిగినా వ్యాధుల భయం తొలగలేదు. భయంతో యాంటీబయాటిక్స్ వాడితే వాటి అవశేషాలు రొయ్యలో మిగిలి ఎగుమతులు తిరస్కరణకు గురవుతాయి. 2016లో ఐరోపా సమాఖ్య మన దేశపు ఆక్వా సరుకులో పరీక్షించే వాటాను 10 శాతం నుండి 50 శాతానికి పెంచింది. ఒక చెరువులో జరిగిన పొరపాటుకు రైతులందరూ మూల్యం చెల్లించవలసి వస్తుంది.

పనిచేసే తీరు

మిగిలిన మేత, రొయ్యల విసర్జితాలు చెరువు అడుగున చేరి కుళ్లి అమ్మోనియాను విడుదల చేస్తాయి. బాసిల్లస్ జాతి బాక్టీరియా ఈ వ్యర్థాలను విచ్ఛిన్నం చేస్తుంది. నైట్రోసోమోనాస్ అమ్మోనియాను నైట్రైటుగాను, నైట్రోబాక్టర్ దానిని అంతగా హాని లేని నైట్రేటుగాను మారుస్తాయి. మేతతో ఇచ్చే బాసిల్లస్, లాక్టోబాసిల్లస్ రొయ్య పేగులో స్థిరపడి జీర్ణశక్తిని పెంచుతాయి, విబ్రియో బాక్టీరియాను అదుపులో ఉంచుతాయి.

వాడే విధానం

* కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ వద్ద నమోదైన ఉత్పత్తులనే కొనాలి. గడువు తేదీ చూసి, చల్లని నీడలో నిల్వ చేయాలి.
* ఈ జీవులకు ప్రాణవాయువు అవసరం. కనుక ఎండ వచ్చిన తరువాత, ఏరేటర్లు తిరుగుతుండగా చల్లాలి. వేకువజామున చల్లరాదు.
* బ్లీచింగ్ పౌడర్, అయోడిన్ వంటి క్రిమిసంహారకాలు మేలు చేసే జీవులను కూడా చంపుతాయి. వాటి ప్రభావం పూర్తిగా తగ్గిన తరువాతే ప్రోబయోటిక్స్ వాడాలి.
* బెల్లం, తౌడుతో పులియబెట్టేటప్పుడు శుభ్రమైన పాత్ర, శుభ్రమైన నీరు వాడాలి. దుర్వాసన వస్తే పారబోయాలి.

పరిమితులు

ప్రోబయోటిక్స్ మందులు కావు. తెల్లమచ్చల వైరస్ సోకిన చెరువును ఇవి కాపాడలేవు. పరీక్షించిన పిల్ల, తగిన సాంద్రత, మితమైన మేత లేనిచోట వీటిపై పెట్టిన ఖర్చు వృథా అవుతుంది.

పశ్చిమ ప్రాంత రైతులకు సూచన

పశ్చిమ ప్రకాశంలో నీరు అమూల్యం. కృష్ణా జలాలను ఈ ప్రాంతానికి అందించేందుకే పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టును తలపెట్టారు. ఇటువంటి చోట ఉప్పు కలిపి రొయ్యలు పెంచితే పక్క పొలాలు, తాగునీటి బావులు చెడిపోయే ప్రమాదముంది. ఆసక్తి గల రైతులు మంచినీటిలో పెరిగే నీలకంఠ రొయ్యను గాని, చేపలను గాని పరిశీలించవచ్చు. అందులో కూడా ప్రోబయోటిక్స్ నీటి నాణ్యతను నిలిపి, తరచూ నీరు మార్చవలసిన అవసరాన్ని తగ్గిస్తాయి. 2020 నాటి రాష్ట్ర ఆక్వాకల్చర్ అభివృద్ధి ప్రాధికార సంస్థ చట్టం ప్రకారం సాగుకు లైసెన్సు అవసరం. కావున రైతు సోదరులు చెరువు తవ్వకానికి ముందే మట్టి, నీటి పరీక్షలు చేయించి, స్థానిక మత్స్యశాఖ అధికారుల సలహా పొందడం శ్రేయస్కరం.