సీలింగు క్యాసెట్ ఎయిర్ కండిషనరు

సీలింగు క్యాసెట్ ఎయిర్ కండిషనరు అనేది స్లాబుకు, ఫాల్స్ సీలింగుకు నడుమ ఉన్న ఖాళీలో వేలాడదీసే ఒక రకపు స్ప్లిట్ ఎయిర్ కండిషనరు. దీని అడుగున ఉండే చదరపు పలక మాత్రమే గదిలోని వారికి కనిపిస్తుంది. పలక మధ్యభాగం గుండా గదిలోని వేడిగాలి లోనికి పోయి, చల్లబడి, అంచులలోని చీలికల ద్వారా సాధారణంగా నాలుగు వైపులకు వెలువడుతుంది. ఇది గోడపై స్థలాన్ని ఆక్రమించదు కనుక దుకాణాలు, కార్యాలయాలు, ఆసుపత్రులు, సమావేశ మందిరాలలో ఎక్కువగా ఉపయోగిస్తారు.

కిటికీ ఏసీ కర్మాగారంలోనే సంపూర్ణంగా తయారై, గ్యాస్ నింపబడి వస్తుంది. స్ప్లిట్ యంత్రంలో లోపలి యూనిట్టు, బయటి యూనిట్టు విడివిడిగా వస్తాయి. వాటిని కలిపే రాగి గొట్టాల పని భవనంలోనే జరుగుతుంది. అందువల్ల యంత్రం ఎంత మేలైనదైనా, దాని చల్లదనం, విద్యుత్ ఖర్చు, కంప్రెసరు ఆయుష్షు ఈ అమరికపైనే చాలావరకు ఆధారపడి ఉంటాయి.

== పనిచేసే విధానం ==

బయటి యూనిట్టులో కంప్రెసరు, కండెన్సరు ఉంటాయి. లోపలి యూనిట్టులో బాష్పీభవన చుట్ట, పంకా, నీటి పళ్ళెం, ఆ నీటిని పైకెత్తే చిన్న పంపు ఉంటాయి. రెండింటినీ రెండు రాగి గొట్టాలు కలుపుతాయి. సన్నని గొట్టంలో శీతలకం (రిఫ్రిజిరెంటు, వాడుకలో "గ్యాస్") ద్రవరూపంలో లోపలికి వస్తుంది. అది గదిలోని వేడిని గ్రహించి ఆవిరై, లావు గొట్టం గుండా కంప్రెసరుకు తిరిగి చేరుతుంది.

ఇది మూసి ఉన్న వలయం. ఇందులో శీతలకం ఇంధనంలాగా ఖర్చు కాదు. కాబట్టి "ఏటా గ్యాస్ నింపించాలి" అన్న నమ్మకం సరికాదు. గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో కారుతున్నదని అర్థం. ఆ చోటును కనుగొని బాగుచేయకుండా మళ్ళీ నింపితే ప్రయోజనం తాత్కాలికమే.

యంత్రం సామర్థ్యాన్ని టన్నులలో కొలుస్తారు. సుమారు 907 కిలోల మంచును 24 గంటలలో కరిగించగల వేడిని తొలగించే శక్తి ఒక టన్ను. ఇది గంటకు 12,000 బీటీయూలకు, అనగా సుమారు 3.5 కిలోవాట్లకు సమానం.

== శీతలకాలు ==

పూర్వం ఎక్కువగా వాడిన ఆర్-22 ఓజోన్ పొరకు హాని చేస్తుంది. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం క్రింద ఇటువంటి పదార్థాలను క్రమంగా తొలగిస్తున్నారు. భారతదేశంలో కొత్త యంత్రాల తయారీలో వీటి వాడకం 2024 చివరికి నిలిచిపోయింది. తరువాత వచ్చిన ఆర్-410ఏ ఓజోన్‌కు హాని చేయదు గాని, భూతాపాన్ని పెంచడంలో బొగ్గుపులుసు వాయువు కన్నా 2,088 రెట్లు శక్తివంతమైనది. ఆర్-32కు ఈ విలువ 675. అయితే ఆర్-32కు స్వల్పంగా మండే గుణం ఉంది. ఆర్-410ఏ, ఆర్-32 రెండూ ఆర్-22 కన్నా సుమారు 1.6 రెట్లు ఎక్కువ పీడనంతో పనిచేస్తాయి. కనుక పాత గొట్టాలను, పాత పనిముట్లను పరిశీలించకుండా వీటికి వాడరాదు.

== అమర్చే విధానం ==

=== లోపలి యూనిట్టు ===

చిన్న యూనిట్లు 600 మి.మీ. చదరపు ఫాల్స్ సీలింగు గడిలో సరిపోయేలా తయారవుతాయి. యూనిట్టు బరువును ఫాల్స్ సీలింగుపై మోపరాదు. స్లాబులో యాంకర్ బోల్టులు బిగించి, నాలుగు మరల కడ్డీలతో వేలాడదీయాలి. తరువాత రసమట్టంతో నాలుగు వైపులా మట్టం చూడాలి. యూనిట్టు ఒక మూలకు వాలితే పళ్ళెంలోని నీరు పంపు వైపు చేరక గదిలోకి కారుతుంది.

=== రాగి గొట్టాలు ===

గొట్టాల పరిమాణాన్ని తయారీదారు నిర్ణయిస్తాడు. 1.5 టన్నుల యంత్రాలలో 6.35 మి.మీ., 12.7 మి.మీ. గొట్టాలు, పెద్దవాటిలో 9.52 మి.మీ., 15.88 మి.మీ. గొట్టాలు తరచుగా కనిపిస్తాయి. గొట్టం చివరలను పని జరిగేంతవరకు మూసి ఉంచాలి. కోసిన తరువాత అంచులోని గరుకును తీసేటప్పుడు రాగి పొట్టు లోపల పడకుండా చివరను క్రిందికి వంచి పట్టుకోవాలి.

గొట్టం చివరను గరాటులా విప్పి, ఫ్లేర్ నట్టుతో యూనిట్టుకు బిగిస్తారు. నట్టును తక్కువ బిగిస్తే గ్యాస్ కారుతుంది, ఎక్కువ బిగిస్తే గరాటు చిట్లుతుంది. అందుకే టార్క్ రెంచి వాడాలి. సాధారణ విలువలు:

* 6.35 మి.మీ. - 14 నుండి 18 న్యూటన్ మీటర్లు
* 9.52 మి.మీ. - 34 నుండి 42 న్యూటన్ మీటర్లు
* 12.7 మి.మీ. - 49 నుండి 61 న్యూటన్ మీటర్లు
* 15.88 మి.మీ. - 68 నుండి 82 న్యూటన్ మీటర్లు

రెండు గొట్టాలను బ్రేజింగ్‌తో అతికేటప్పుడు లోపల నైట్రోజన్ వాయువును మెల్లగా ప్రవహింపజేయాలి. లేకపోతే వేడికి గొట్టం లోపలి గోడపై నల్లని రాగి ఆక్సైడు పొర ఏర్పడి, తరువాత పొలుసులుగా ఊడి, సన్నని మార్గాలను మూసివేస్తుంది.

=== పీడన పరీక్ష ===

గొట్టాలలో పొడి నైట్రోజన్ నింపి, పీడనాన్ని అంచెలంచెలుగా తయారీదారు చెప్పిన మేరకు పెంచుతారు. ఆర్-410ఏ, ఆర్-32 యంత్రాలకు ఇది సాధారణంగా 4 మెగాపాస్కల్‌ల వరకు ఉంటుంది. అతుకులపై సబ్బు నురుగు పూసి బుడగల కోసం చూడాలి. 24 గంటలు వదిలి మళ్ళీ చూసేటప్పుడు వాతావరణ మార్పును లెక్కలోకి తీసుకోవాలి. ఈ పీడనం వద్ద ఉష్ణోగ్రత 1 డిగ్రీ తగ్గితే పీడనం దాదాపు 0.014 మెగాపాస్కల్ తగ్గుతుంది. దానిని కారుడు అనుకోరాదు.

ఈ పరీక్షకు ఆక్సిజన్‌ను ఎన్నడూ వాడరాదు. అధిక పీడనంలో ఆక్సిజన్ కంప్రెసరు నూనెతో కలిస్తే పేలుడు సంభవించి ప్రాణనష్టం కలుగవచ్చు.

=== వ్యాక్యూం చేయుట ===

నైట్రోజన్‌ను వదిలిన తరువాత వ్యాక్యూం పంపుతో గొట్టాలలోని గాలిని, తేమను తొలగిస్తారు. సాధారణ వాతావరణ పీడనం 7,60,000 మైక్రాన్లు. దానిని 500 మైక్రాన్లకు దించడం మంచి పద్ధతి. 27 డిగ్రీల వద్ద నీరు సుమారు 27,000 మైక్రాన్ల పీడనానికే మరుగుతుంది. కాబట్టి గొట్టంలోని తేమ ఆవిరై పంపు ద్వారా బయటకు పోతుంది. పంపును వేరుచేసిన తరువాత పీడనం కొంత పెరిగి ఆగితే తేమ మిగిలి ఉన్నదని, ఆగకుండా పెరుగుతుంటే కారుడు ఉన్నదని గ్రహించాలి.

సమయం ఆదా చేయడానికి కొందరు వ్యాక్యూం మాని, కొంత శీతలకాన్ని వదిలి గాలిని తరిమివేస్తారు. ఇది రెండు విధాలా తప్పు. శీతలకం వాతావరణంలో కలుస్తుంది, తేమ మాత్రం గొట్టంలోనే ఉండిపోతుంది. కొత్త శీతలకాలతో వాడే ఎస్టరు నూనె తేమను త్వరగా పీల్చుకొని ఆమ్లంగా మారి, కాలక్రమాన కంప్రెసరు మోటారు చుట్టలను పాడుచేస్తుంది. మిగిలిన గాలి కండెన్సరులో చేరి పీడనాన్ని, విద్యుత్ ఖర్చును పెంచుతుంది.

ఆ తరువాతనే బయటి యూనిట్టు వాల్వులను తెరవాలి. గొట్టం నిర్ణీత పొడవు దాటితే అదనపు శీతలకాన్ని తూకం వేసి నింపాలి.

=== నీటి గొట్టం, ఇన్సులేషన్ ===

చల్లని చుట్టపై గాలిలోని తేమ నీరుగా మారుతుంది. పంపు దానిని కొంత ఎత్తుకు లేపిన తరువాత, నీటి గొట్టానికి కనీసం 100కు 1 చొప్పున వాటం ఇవ్వాలి. మధ్యలో గొట్టం కుంగకుండా 1 నుండి 1.5 మీటర్లకొక ఆధారం కట్టాలి. ఫాల్స్ సీలింగు మూయకముందే పళ్ళెంలో నీరు పోసి పరీక్షించాలి.

రెండు రాగి గొట్టాలకూ విడివిడిగా ఇన్సులేషన్ తొడగాలి. చాలా యంత్రాలలో వ్యాకోచ వాల్వు బయటి యూనిట్టులోనే ఉండటం వలన సన్నని గొట్టం కూడా చల్లబడుతుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరపు పట్టణాలలో తేమ ఎక్కువ కనుక తొడుగు మందంగా ఉండాలి. అతుకుల వద్ద ఖాళీలు మిగిలితే అక్కడి నుండి నీరు కారి సీలింగు పాడవుతుంది.

== భద్రత ==

* నైట్రోజన్, శీతలకం మూసిన గదిలో నిండితే ఊపిరాడదు. పనిచేసే చోట గాలి ఆడాలి.
* ఆర్-32 గాలి కన్నా బరువైనది, నేల వైపు దిగుతుంది. గదిలో మండే అవకాశం లేకుండా, నింపే పరిమాణాన్ని బట్టి గది కనీస వైశాల్యం ఉండాలి.
* శీతలకం ఉన్న గొట్టంపై మంట పెట్టరాదు. ముందుగా దానిని సిలిండరులోకి తిరిగి సేకరించాలి.
* విద్యుత్ కలిపే ముందు ఎర్తింగును పరీక్షించాలి.

== ఇవి కూడా చూడండి ==

* ఎయిర్ కండిషనరు
* రిఫ్రిజిరేటరు
* మాంట్రియల్ ఒప్పందం
* భూతాపం