తిథిని బట్టి సాగు నీటిసంత



థాయిదేశ రాజధానియగు బాంకాకునకు నైరృతిదిశను, మేక్లాంగ్ నది సముద్రమున గలియుచోట, సముత్ సంగ్‌ఖ్రామ్ అను మండలము గలదు. సుమారు 417 చదరపు కిలోమీటరుల యీ మండలము ఆ దేశమునందెల్ల మిక్కిలి చిన్నది. దాని పేరు మన సముద్ర, సంగ్రామ శబ్దములే. రామకథను నృత్యనాటకముగా రచించిన రెండవ రామరాజు 1767లో ఇచ్చటి అంఫవాయందు జన్మించి, 1809 మొదలు 1824 వఱకు రాజ్యమేలెను.

పూర్వమిచ్చట కాలువలే వీధులు. 1868 నాటికి డామ్నోన్ సదువక్ కాలువ త్రవ్వబడి, మేక్లాంగ్ నదిని థాచీన్ నదితో గలిపెను. తోటలవారు కొబ్బరికాయలను, కొబ్బరిబెల్లమును, పండ్లను పడవల కెత్తుకొని వచ్చి, నీటిమీదనే బేరములాడుకొనిరి.

నేను చూడబోయిన థాఖా సంతకు పూర్వము వారనియమము లేదు, తిథినియమమే కలదు. ఉభయపక్షములందును విదియ, సప్తమి, ద్వాదశులే సంతదినములు. చంద్రగతిని బట్టి సముద్రపు పోటు కాలువల కెక్కును గదా! పడవ నడచుటకు తగిన నీరున్న దినమే వారికి సంతదినము. ఇప్పుడు యాత్రికులకై శని, ఆదివారములందును సంత జరుగుచున్నది. పడవలో కొబ్బరిబెల్లము విక్రయించుచున్న యొక వృద్ధురాలిని, “అవ్వా, నీకే దినము మేలు?” అని దుబాసిచే నడిగించితిని. ఆమె నవ్వి, “ఆదివారమున జనము వత్తురు; తిథినాడు నీరు వచ్చును” అనెను.

ఆ మాటలో ఆ మండల చరిత్రమంతయు గలదు. రహదారులు పెరిగినకొలది సరకు బండ్ల కెక్కెను; అంఫవా నీటిసంత క్షీణించెను. 2004లో దానిని మరల నెలకొల్పిరి. మూతపడిన కొట్లు తెఱచుకొన్నవి. ఇండ్లలో దీపములు వెలిగినవి. ఇది మేలే. కాని, నాటి పడవ ఇరుగుపొరుగుల యక్కఱ దీర్చెను. నేటి పడవ చూడవచ్చినవారి వేడుక దీర్చుచున్నది. పడవ బ్రదికినది, పని మాఱినది.

మన గోదావరి కాలువలును అట్టివే. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిమ్మట, అవి పైరులకు నీటినిచ్చుటయే గాక, ధాన్యపు పడవలను సయితము మోసినవి. రహదారులు వచ్చి ఆ రేవులను మఱపించినవి. పడవలు మరల రాకపోవచ్చును. అయినను, ఏ రేవున ఏ సరకు దిగెడిదో, ఏ నెలలో నీ రెంత యుండెడిదో యెఱిగిన పెద్దలు మీలో నింకను గలరు. ఆ సంగతులను మనుమలకు జెప్పి, వ్రాయించి యుంచుడు. నీటిలెక్క యెఱిగిన నోరు మూతపడినచో, దానిని తిరిగి తెఱచుట యెవరితరము?